జిల్లా ఎంచుకోండి

తెలంగాణలో ఏ ఆన్‌లైన్ ఫారం తెరిచినా ‘జిల్లా ఎంచుకోండి’ అనే పెట్టె ఒకటి ఉంటుంది. నొక్కితే ముప్పై మూడు పేర్లు వరసగా జారుతాయి. సైటు కట్టేవాళ్లకు అంతకన్నా తేలికైన పని ఉండదు. ఆ జాబితాను ఎక్కడి నుంచో తెచ్చి అతికించి, తర్వాతి పెట్టెకు వెళ్లిపోతారు. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లకు మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది.

భూపాలపల్లి మనిషి తన జిల్లాను ‘భ’ దగ్గర వెతుకుతాడు. అక్కడ భద్రాద్రి కొత్తగూడెం కనిపిస్తుంది కానీ భూపాలపల్లి ఉండదు. జిల్లా పూర్తి పేరు జయశంకర్ భూపాలపల్లి కాబట్టి అది ‘జ’లోకి వెళ్లి కూర్చుంటుంది. జగిత్యాల, జనగామ, జయశంకర్ భూపాలపల్లి, జోగులాంబ గద్వాల ఒకదాని కింద ఒకటి వస్తాయి. జనగామ వాడి బొటనవేలు ఒక గీత కిందికి జారితే భూపాలపల్లి వాడైపోతాడు, పైకి జారితే జగిత్యాల వాడైపోతాడు. మహబూబాబాద్ వాళ్ల పక్కనే మహబూబ్‌నగర్ ఉంటుంది. ఒకటి ఖమ్మం పక్కన, రెండోది హైదరాబాద్‌కు దక్షిణాన. చిన్న తెర మీద రెండు పేర్లలో మొదటి సగం మాత్రమే కనిపిస్తే తేడా పట్టుకోవడం కష్టం. ఇక ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాడు “తాతా, ఏ జిల్లా?” అని అడిగితే “మానుకోట బిడ్డా” అంటాడు పెద్దాయన. మహబూబాబాద్‌ను జనం పిలిచే ఆ మానుకోట పేరు ఏ జాబితాలోనూ లేదు.

సైటు తప్పులు వెతికే సాఫ్ట్‌వేర్‌తో ఈ పేజీని పరీక్షిస్తే పూర్తి మార్కులు వస్తాయి. కోడ్ శుభ్రంగా ఉంది, లింకులు పనిచేస్తున్నాయి, పేజీ వేగంగా తెరుచుకుంటోంది. అయినా మహబూబాబాద్ జిల్లా గార్ల నుంచి వచ్చిన దరఖాస్తు మహబూబ్‌నగర్‌లో తేలుతుంది. వెబ్‌సైటులో ఖరీదైన తప్పులు ఎక్కువగా ఇలాంటివే. అవి మనుషుల గురించి, ఊళ్ల గురించి, పేర్ల గురించి పేజీ ముందే అనుకున్న సంగతుల్లో ఉంటాయి. కాబట్టి ఈ అధ్యాయంలో సాఫ్ట్‌వేర్ పరికరాలకు ఇచ్చే చోటు తక్కువ. సైటు కట్టక ముందు కాగితం మీద ఏం చూడాలి, కట్టాక ఎవరి చేతిలో పెట్టి చూడాలి, ఎవరూ ముట్టుకోకపోయినా అది ఎలా తప్పుల పుట్టగా మారుతుంది అన్న మూడింటి మీదే ఎక్కువసేపు ఉందాం.

కట్టక ముందు: చిక్కు మనుషుల పట్టిక

ఒక పని ఊహించుకుందాం. జనగామ పక్కనే, హైదరాబాద్–వరంగల్ హైవే మీద పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీలు చెక్కే పనికి కాకతీయుల కాలం నుంచీ పేరున్న ఊరు. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. అక్కడి కళాకారుల సంఘం ఒకటి వస్తువులు అమ్ముకోవడానికి సైటు కావాలని మీ దగ్గరకు వచ్చిందనుకోండి. మీరు మొదట ఏం చేస్తారు? చాలామంది రంగులు, బొమ్మలు, పైన తిరిగే పెద్ద బ్యానర్ గురించి మాట్లాడతారు. దానికి ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, ఈ సైటు ఎవరిని ఇబ్బంది పెట్టగలదో రాసుకోండి. దాన్ని నేను చిక్కు మనుషుల పట్టిక అంటాను.

మొదటి మనిషి గార్లలో ఉంటాడు. మీరు డెలివరీ కోసం పిన్‌కోడ్ అడుగుతారు. ఉమ్మడి వరంగల్ ప్రాంతం కదా, 506తో మొదలయ్యే పిన్‌కోడ్‌లకు స్థానిక రేటు పెడదామని సంఘం వాళ్లు అంటారు. జనగామ 506167, మహబూబాబాద్ 506101, భూపాలపల్లి 506169. బాగానే కనిపిస్తుంది. గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లాలో ఉన్నా 2016కు ముందు ఖమ్మంలోవి, వాటి పిన్‌కోడ్‌లు 507తో మొదలవుతాయి. మహదేవపూర్, కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలోకి కరీంనగర్ నుంచి వచ్చాయి, వాటిది 505504. జిల్లాల గీతలు 2016 అక్టోబర్ 11న మారాయి. తపాలా వాళ్ల అంకెలు పాతవే. జిల్లా నుంచి పిన్‌ను, పిన్ నుంచి జిల్లాను లెక్కగట్టే సైటు ఇక్కడ తప్పక తడబడుతుంది.

రెండో మనిషి తండాలో ఉంటుంది. ఊరి పేరు డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకోమంటే ఆమె ఊరు దొరకదు. ఎందుకంటే ఆ జాబితా 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చింది. రాష్ట్రంలో వేల కొత్త గ్రామ పంచాయతీలు 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత వచ్చాయి. వాటిలో చాలా భాగం అంతకు ముందు వేరే ఊరికి శివారుగా ఉన్న తండాలు, గూడేలు. మహబూబాబాద్ జిల్లాలో ఇది చిన్న సంఖ్య కాదు. ఆమె తన ఊరిని వదిలేసి పాత ఊరి పేరు ఎంచుకుంటుంది. పార్సిల్ అక్కడికి పోతుంది. ఊరి పేరుకు డ్రాప్‌డౌన్ పెట్టకండి, రాయనివ్వండి. పెట్టక తప్పకపోతే చివర ‘నా ఊరు ఇందులో లేదు’ అన్న గీత ఒకటి ఉండాలి. ఏ జాబితాకైనా ఆ గీత ఉండాలని నా పట్టుదల.

మూడో మనిషికి ఒకే పేరు. ఇంటి పేరు పెట్టెలో నక్షత్రం గుర్తు, తప్పనిసరి అని ఎర్ర అక్షరాలు. అతను అక్కడ ఒక చుక్కో, తన పేరే మరోసారో కొడతాడు. తర్వాత బిల్లు మీద అదే అచ్చవుతుంది. మన దగ్గర ఇంటి పేరు ముందు వస్తుంది, కొందరికి ఒక అక్షరంగానే ఉంటుంది, కొందరికి ఉండదు. పేరుకు ఒకే పెట్టె చాలు.

నాలుగో మనిషి బండి నంబరు ఇవ్వాలి. పెంబర్తి సైటుకు అవసరం రాకపోవచ్చు గానీ, మీరు రేపు పార్కింగ్‌కో, జాతర పాస్‌కో, మిర్చి యార్డు గేటుకో ఫారం చేస్తారు. ఉమ్మడి జిల్లా కాలంలో కొన్న బండి ఏపీ 36. రాష్ట్రం వచ్చాక కొన్నది టీఎస్ 03. జిల్లాలు విడిపోయాక భూపాలపల్లి టీఎస్ 25, మహబూబాబాద్ టీఎస్ 26, జనగామ టీఎస్ 27. 2024 మార్చి నుంచి కొత్త బండ్ల మీద టీజీ. ఒకే ఇంటి ముందు నాలుగు తరాల నంబర్లు నిలబడి ఉండొచ్చు. పరీక్షకు అన్నిటినీ కొట్టి చూడాలి.

ఐదో మనిషి రైతు. ఈయనతో జాగ్రత్త. సర్వే నంబరు పెట్టెలో అంకెలు మాత్రమే పడతాయని మీరు నియమం పెడితే, ఆయన నంబరు 245/అ/2 లాగా ఉంటుంది, పడదు. విస్తీర్ణం దగ్గర ఇంకా లోతైన గుంట ఉంది. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలను 2.20 అని చుక్క పెట్టి రాసే అలవాటు ఉంది. మీ ప్రోగ్రామ్ దాన్ని దశాంశం అనుకుంటుంది. 1.30, 1.20 కలిపితే దానికి 2.50 వస్తుంది. రైతు లెక్కలో అది మూడెకరాల పది గుంటలు. తెర మీద అంకె చక్కగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పురుగుమందు మోతాదు లెక్క చెప్పే చిన్న సైటు అయినా సరే, ఎకరాలు, గుంటలు రెండు వేర్వేరు పెట్టెల్లో అడగండి.

ఇలా పట్టిక పెంచుకుంటూ పోవచ్చు. ముఖ్యం ఏమిటంటే ఈ పరీక్షకు కంప్యూటర్ అక్కర్లేదు. పేజీ బొమ్మను పెన్సిల్‌తో గీసి, పట్టికలోని మనిషిగా మీరే కూర్చుని, వేలితో ఒక్కో పెట్టె నింపుతూ పోతే సరి. ఎక్కడ వేలు ఆగిందో అక్కడ తప్పు ఉంది. కాగితం మీద తప్పు దిద్దడానికి రబ్బరు చాలు. డేటాబేస్ కట్టేశాక అదే తప్పు దిద్దాలంటే వచ్చిన దరఖాస్తులన్నీ మళ్లీ సరిచూడాలి.

ఒక పెద్ద ఉదాహరణ

ఈ సంగతికి మన రాష్ట్రంలో భూ రికార్డుల పోర్టల్ ధరణిని మించిన పాఠం లేదు. రాజకీయం పక్కన పెట్టి, సైటు కట్టేవాళ్ల కళ్లతో మాత్రమే చూద్దాం.

2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూముల్ని పార్ట్-ఏలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బీలో పెట్టారు. ఆ రికార్డుల మీద 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అయిపోవాలన్నది దాని ఆలోచన. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి అది నిజంగానే సుఖమైన దారి. ఒకప్పుడు నెలలు పట్టిన మ్యుటేషన్ అదే రోజు చేతికొచ్చింది.

రికార్డు తప్పుగా ఉన్నవాడికి మొదట్లో తెర మీద దారి లేదు. పేరులో ఒక అక్షరం తప్పు, విస్తీర్ణంలో గుంటల తేడా, పార్ట్-బీలో చిక్కుకున్న భూమి, సాదాబైనామా మీద కొన్న భూమి, పొరపాటున నిషేధిత జాబితాలో పడ్డ సర్వే నంబరు – ఇలాంటివాటికి ఏ బటన్ నొక్కాలో తెలియలేదు. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కూడా కొత్త రికార్డులో కనిపించలేదు. తహసీల్దార్‌కు దిద్దే అధికారం పోయింది, జనం కలెక్టరేట్ల ముందు బారులు తీరారు. తర్వాత ఒక్కో సమస్యకు ఒక్కో మాడ్యూల్ చేరుస్తూ పోయారు. వాటిలో టీఎం-33 అన్న పేరు పల్లెల్లో రైతుల నోట కూడా నానింది. ఒక దరఖాస్తు నంబరు ఊరి మాటల్లో భాగమైందంటే ఎంతమందికి దాని అవసరం పడిందో ఊహించుకోవచ్చు.

సైటు కట్టేవాళ్లు ‘సాఫీ దారి’ అని ఒకటి గీస్తారు. మనిషి వస్తాడు, సరైన వివరాలు కొడతాడు, డబ్బు కడతాడు, రసీదు తీసుకుంటాడు. బొమ్మలో బాణాలన్నీ కుడివైపుకే పోతాయి. ఆ బొమ్మను ఎంత పరీక్షించినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు ఆ బొమ్మలో లేని బాణాల్లో ఉంది. ప్రతి పెట్టె దగ్గరా ‘ఇది తప్పయితే?’ అని రాసి ఎడమవైపుకు ఒక బాణం గీయండి. ఆ బాణం ఎక్కడికి పోతుందో మీకు తెలియకపోతే మీరింకా సైటు కట్టడానికి సిద్ధంగా లేరు.

తర్వాతి కథలో మరో పాఠం ఉంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభమైంది. దాన్ని మొదట నాలుగు మండలాల్లో నడిపి చూశారు: నారాయణపేట జిల్లా మద్దూరు, కామారెడ్డి జిల్లా లింగంపేట, ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, ములుగు జిల్లా వెంకటాపూర్. చివరిది మనకు బాగా తెలిసిన మండలమే, రామప్ప గుడి ఉన్న పాలంపేట అందులోదే. కొత్త పోర్టల్ అన్ని చిక్కులూ తీర్చిందా అన్నది వేరే చర్చ. రాష్ట్రమంతా ఒకేసారి తలుపు తెరవకుండా నాలుగు చోట్ల తెరవడం మాత్రం ఏ చిన్న సైటుకైనా పనికొచ్చే పద్ధతి. అమెరికాలో 2013 అక్టోబర్ 1న ఆరోగ్య బీమా కోసం కేంద్ర ప్రభుత్వ సైటును ఒకేసారి జనం మీదికి వదిలారు. మొదటి రోజు చివరిదాకా వెళ్లి పేరు నమోదు చేసుకోగలిగింది ఆరుగురే. డబ్బు, నిపుణులు ఉన్నంత మాత్రాన ఈ తప్పు తప్పిపోదని చెప్పడానికే ఆ సంగతి ఎత్తాను.

తెలుగు అక్షరం విరిగే చోట్లు

డిజైన్ అంతా ఇంగ్లిషులో చేసి, చివర తెలుగు పోసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అప్పుడు ఏమవుతుందంటే, ఇంగ్లిషుకు సరిపోయేలా గీతకూ గీతకూ మధ్య పెట్టిన జాగాలో తెలుగు ఇమడదు. పైగీతలోని ఒత్తులు కింది గీతలోని గుడులకు తగులుతాయి. బటన్‌లో ‘రాష్ట్రం’ అని ఉంటే కింద ట, ర ఒత్తులు కోసుకుపోతాయి. గీతల మధ్య ఎత్తు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా చూసుకోండి. నమూనాలో ‘ఇక్కడ వచనం వస్తుంది’ లాంటి సాధు వాక్యాలు వాడకండి. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రం’, ‘భూపాలపల్లి’ లాంటి మాటలతో పరీక్షించండి.

‘స్వాతంత్ర్యం’ మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో పన్నెండు. వార్త శీర్షికను ఇన్ని అక్షరాల దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టమని రాసిన ప్రోగ్రామ్ ‘జిల్లా’ను ‘జిల్’ దగ్గర నరికేస్తుంది. ఎస్ఎంఎస్‌లోనూ ఇదే తంటా. ఇంగ్లిషు సందేశానికి 160 అక్షరాల చోటుంటే తెలుగుకు 70 మాత్రమే. ‘మీ ఆర్డర్ అందింది’ అని మొదలుపెట్టి వివరాలు చేర్చిన ముక్క రెండు మూడు సందేశాలుగా విరిగి, ఆ మేరకు బిల్లు పెరుగుతుంది. సైటు కట్టక ముందే సందేశాలన్నీ రాసి, లెక్కపెట్టి చూసుకోండి.

వెతుకులాట పెట్టెను విడిగా పరీక్షించాలి. జనగామ అని కొట్టినా జనగాం అని కొట్టినా ఒకే ఫలితం రావాలి. మానుకోట అంటే మహబూబాబాద్ చూపించాలి. మహబూబ్‌నగర్ అన్న మాటలో ‘బ్’కు, ‘న’కు మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా కొడితే ‘న’ ఒత్తుగా మారిపోతుంది, వెతికితే దొరకదు. ఇంగ్లిషులో భూపాలపల్లి అన్నిటికన్నా ఎక్కువ రూపాల్లో తిరుగుతుంది. జిల్లా అధికారిక సైటు చిరునామాలో ‘భూ’కు రెండు ఓలు ఉంటాయి, చాలా బోర్డుల మీద ఒక యూ ఉంటుంది. మీ సైటు పేరు కొనేటప్పుడు జనం కొట్టే రెండో రూపాన్ని కూడా కొని, మొదటిదానికి మళ్లించడం మంచిది. ఏడాదికి అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ బ్యానర్‌కు పెట్టేదానికి మించదు.

పాత ఫాంట్ల సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్దాం. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన కరపత్రం అను ఫాంట్లలో ఉంటే దాన్ని నేరుగా పేజీలో అతికించకండి. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కాబట్టి మీకు తెలుగు కనిపిస్తుంది, చూసేవాడి ఫోన్‌లో అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ప్రతి మాటా చదవాలి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి.

కట్టాక: ఎవరి చేతిలో పెట్టాలి

యంత్రం పట్టే తప్పుల్ని యంత్రానికే వదలండి. పనిచేయని లింకులు, మూసుకోని కోడ్ ముక్కలు, బరువైన ఫొటోలు, భద్రతా సర్టిఫికెట్ గడువు – వీటికి ఉచిత పరికరాలు బోలెడు. గూగుల్ లైట్‌హౌస్, డబ్ల్యూ3సీ వాలిడేటర్ రెండూ చాలు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ సుగమ్యత ప్రమాణం చెబుతుంది. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనిపించాలని గూగుల్ కొలబద్ద. ఈ కొలతల్లో నెగ్గితే సంతోషించండి, ఆగిపోకండి. రంగు తేడాను ఒకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి కూడా చూడండి. మిర్చి కల్లం దగ్గర ఫోన్ చూసేవాడికి ఏసీ గదిలో గీసిన లేత బూడిదరంగు అక్షరం కనిపించదు.

మనుషులతో పరీక్ష అనగానే పెద్ద సర్వే అనుకుంటారు. డెన్మార్క్‌కు చెందిన నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు: ఐదుగురితో పరీక్షించండి, పెద్ద తప్పుల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. దిద్దాక మళ్లీ కొందరితో చూడండి. ఐదుగురు చాలన్న మాటను మనం సంతోషంగా పట్టుకుంటాం. అయితే ఆ ఐదుగురూ మీ ఆఫీసులో పనిచేసే, మీ వయసు, మీలాంటి ఫోన్ ఉన్న వాళ్లయితే మీరు ఒక్కరితో ఐదుసార్లు పరీక్షించినట్టే.

మన జిల్లాల్లో ఆ ఐదుగురిలో ఒకరు తప్పనిసరిగా మీ సేవ సెంటర్ ఆపరేటర్ అయి ఉండాలి. 2011 నుంచి మన పల్లెల్లో చాలా ఫారాలు నింపుతున్నది ఆ చేతులే. రైతు పక్కన నిలబడి వివరాలు చెబుతాడు, ఆపరేటర్ కొడతాడు, వెనకాల వరస ఉంటుంది. సైటు వాడేది ఎవరు మరి? ఇద్దరూ. ఆపరేటర్‌కు మౌస్ ముట్టకుండా ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పోవడం కావాలి. రైతుకు ఓటీపీ తన ఫోన్‌కు వచ్చేదాకా పేజీ ఆగాలి. ఆ ఫోన్ ఇంటి దగ్గర కొడుకు చేతిలో ఉండొచ్చు. “అన్నా, ఓటీపీ చెప్పు” అని ఫోన్ చేసి కనుక్కునేలోపు రెండు నిమిషాల గడువు దాటి, నింపిందంతా చెరిగిపోతే ఆ తప్పు ఎవరిది? డిజైన్‌దే. గడువు దాటినా నింపిన వివరాలు ఉండాలి.

మిగతా నలుగురిలో ఒకరు సిగ్నల్ సరిగా రాని చోట ఉండాలి. భూపాలపల్లి జిల్లా పలిమెల, మహముత్తారం అడవి ఊళ్లలో పేజీ సగం తెరిచి ఆగుతుంది. పంపు బటన్ నొక్కాక ఏమీ జరగనట్టుంటే మనిషి మళ్లీ నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. పెంబర్తి సంఘానికి ఒకే గంటకు మూడు ఆర్డర్లు పోతాయి. బటన్ నొక్కిన వెంటనే ‘పంపుతున్నాం, ఆగండి’ అని కనిపించాలి, రెండోసారి నొక్కితే పనిచేయకూడదు. ఇంకొకరు చూపు తక్కువగా ఉన్నవాళ్లు, ఫోన్ చదివి వినిపించే సౌకర్యం వాడేవాళ్లు అయితే మంచిది. పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో గుర్తు పెట్టకపోతే ఆ సౌకర్యం తెలుగును ఇంగ్లిషు యాసలో చదివి వినిపిస్తుంది, లేదా వదిలేస్తుంది.

పరీక్షించేటప్పుడు మీ నోరు కట్టేసుకోండి. ‘అక్కడ నొక్కండి’ అన్నారంటే పరీక్ష చెడిపోయింది. ఒక పని చెప్పండి, “అక్కా, ఈ నటరాజ విగ్రహం మీ తమ్ముడింటికి పంపించాలి, చేసి చూడండి” అని. తర్వాత వేలు ఎక్కడ ఆగుతోందో చూస్తూ రాసుకోండి. మన దగ్గర ఇంకో మర్యాద చిక్కు ఉంది. ఎలా ఉందని అడిగితే “బాగుంది సార్” అంటారు. ఆ మాటకు ఏ విలువా ఇవ్వకండి. చివర లింకును వాట్సాప్‌లో ఒకసారి పంపి చూడండి. మన సైటుకు వచ్చే జనంలో ఎక్కువమంది ఆ గుమ్మం నుంచే వస్తారు. అక్కడ బొమ్మ ఖాళీగా, పేరు ఇంగ్లిషు తోకలతో కనిపిస్తే నొక్కరు.

ఎవరూ ముట్టుకోని తప్పులు

2017లో భూపాలపల్లి జిల్లా గురించి ఎవరైనా పర్యాటక సైటు కట్టారనుకుందాం. ముందు పేజీలో రామప్ప, పక్కన మేడారం గద్దెలు, కింద లక్నవరం. ప్రతి మాటా సరిచూశారు, ఒక్క తప్పు లేదు. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిపోయి వేరే జిల్లా అయ్యింది. ఆ మూడూ ములుగుకు పోయాయి. సైటులో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు, అయినా తెల్లారేసరికి ముందు పేజీ మొత్తం తప్పయింది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కొత్తగా వెతికినవాళ్లు అలాంటి పాత పేజీలు ఎన్ని చూసి ఉంటారో. భూపాలపల్లికి కాళేశ్వరం, పాండవుల గుట్ట ఉన్నాయి. పాత పేజీల్లో వాటికి దక్కేది నాలుగో వరసే.

అంకెలు కూడా అలాగే పాడవుతాయి. 2011 జనాభా లెక్కలప్పుడు ఈ జిల్లాలేవీ లేవు. మండలాల లెక్కలు కలిపి జిల్లా అంకె తయారుచేశారు. జయశంకర్ భూపాలపల్లి జనాభా 7,11,434 అని ఎక్కడైనా కనిపిస్తే అది ములుగు కలిసి ఉన్నప్పటిది. ములుగు 2,94,671 తీసేస్తే మిగిలేది 4,16,763. ఒక పేజీలో పాత జనాభా, ఇంకో పేజీలో కొత్త మండలాల పట్టిక ఉంటే రెండూ విడివిడిగా నిజమే, కలిపి చదివితే అబద్ధం. అంకె పక్కన ఏ ఏటి, ఏ హద్దుల అంకె అన్నది రాయడం అలవాటు చేసుకోండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అధికారిక సైట్లు మూడూ ఎన్ఐసీ తయారుచేసిన ఒకే చట్రం మీద నడుస్తాయి. చట్రాన్ని ఢిల్లీలో ఒకసారి పరీక్షిస్తే దేశమంతటి జిల్లాలకూ సరిపోతుంది, లోపలి సమాచారాన్ని మాత్రం ఏ జిల్లాకు ఆ జిల్లా సరిచూసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి, 2023లో మూడో రూపం వచ్చింది. అందులో పేజీని చివరిసారి ఎప్పుడు సరిచూశారో చూపించాలన్న నియమం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. మీ చిన్న సైటులోనూ అది పెట్టండి. తేదీ దానంతటదే మారిపోయేలా మాత్రం చేయకండి. మనిషి చదివి సరే అన్నాకే అది మారాలి.

కొన్ని తప్పులు ఎప్పుడొస్తాయో ముందే తెలుసు. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. ఆ దారిలో ఉండే లాడ్జి సైటు మీద పాత తేదీ అలాగే ఉంటే ఒక్క ఫోన్ రాదు, లేదా తప్పు రోజున వస్తుంది. కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు జరిగాయి. అలాంటి పన్నెండు రోజుల్లో సైటుకు వచ్చే రద్దీ మిగతా ఏడాదంతటి రద్దీకి దగ్గరగా ఉండొచ్చు. కాబట్టి బరువు పరీక్ష పండగకు ముందు నెలలో చేయాలి. ‘రాబోయే’ అన్న మాటను పేజీలో వాడొద్దు. తేదీ, ఏడాది రాయండి. గడిచిపోతే కనీసం చదివేవాడికి అది పాతదని తెలుస్తుంది.

చివరగా, సైటు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో సరిచూడండి. సంఘానికి సైటు కట్టింది ఊరి కుర్రాడు. పేరు కొన్నది అతని ఈమెయిల్‌తో, ఓటీపీ వచ్చేది అతని పాత ఫోన్‌కు. అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, నంబరు మారింది. ఏడాది తిరిగేసరికి పేరు గడువు ముగుస్తుంది, గుర్తుచేసే మెయిళ్లు ఎవరూ తెరవని పెట్టెలో పడతాయి. ఒక ఉదయం పెంబర్తి ఇత్తడి బొమ్మల చిరునామా కొడితే ఎక్కడిదో జూదం ప్రకటన తెరుచుకుంటుంది. డొమైన్ సంఘం పేరున, సంఘం ఈమెయిల్‌తో కొనండి. ఫోన్ నంబరు సంఘానిదే ఉండాలి, ఆ సిమ్ ఎవరి ఫోన్‌లో ఉందో మినిట్స్ పుస్తకంలో రాయించండి. కార్యవర్గం మారిన ప్రతిసారీ పాత వాళ్లు కొత్త వాళ్లకు అప్పగించే జాబితాలో రబ్బరు స్టాంపు, బ్యాంకు పాస్‌బుక్ తర్వాత సైటు పాస్‌వర్డ్ మూడో అంశంగా ఉండాలి.